కీర్తి లేని రోజుల్లో రాని తప్పు

డెబోరా టీ గ్లాసు అందుకుందో లేదో ఫోను మోగింది. సంధ్యారాణి డాక్టరమ్మ.

"కళ్ళ డాక్టరుగారు ఇవాళ రారని పొద్దున్నే చెప్పేను కదమ్మా?"

"చెప్పేరండి మేడం. అప్పుడే మార్చేసేను కూడా."

"మరి సైటులో వస్తారనే ఉంది. రోలుగుంట అవతల్నుంచి ఒక ముసలామె వచ్చి కూర్చుంది, ఆపరేషనయిన కన్ను చూపించుకోడానికి. ఫోనులో చూసుకునే బయల్దేరేమంటన్నారు. నేనూ చూసేను. అలాగే ఉంది."

డెబోరా గ్లాసు కిటికీలో పెట్టి తన ఫోనులో క్లినిక్ పేజీ తెరిచింది. నిజమే. 'నేటి డాక్టర్లు' అన్న చోట నిన్నటి పేర్లే ఉన్నాయి. లాప్‌టాప్‌లో చూస్తే తను పొద్దున్న మార్చిన కొత్త జాబితా చక్కగా ఉంది. పంపినట్టూ ఉంది. చివర ఒక చుక్క చెరిపి, మళ్ళీ పెట్టి, ఇంకోసారి పంపింది. కాసేపటికి పేజీ సరయింది.

"ఇప్పుడు చూడండి మేడం."

"ఇప్పుడు బాగానే ఉంది. ఈ ముసలామెకి ఏం చెప్పమంటావు?"

డెబోరా లాప్‌టాప్ మూసేసింది. స్కూటీ తీసుకుని క్లినిక్‌కి తనే వెళ్ళింది. బెంచీ మీద ఆ ముసలామె ఒక కంటికి నల్లద్దం పెట్టుకుని కూర్చునుంది. పేరు అచ్చియ్యమ్మట. పక్కన మనవరాలు ముఖం ముడుచుకుని నిలబడి ఉంది.

"పోన్లో ఉందన్నాదమ్మా ఈ గుంట," అంది అచ్చియ్యమ్మ, తప్పు తనదే అయినట్టు. "ఆటో కట్టించుకుని వచ్చేసినాం. పోన్లో అబద్దం కూడా రాస్తారేటి?"

డెబోరా ఆ ఇద్దర్నీ బస్టాండు దాకా దింపి, రోలుగుంట బస్సెక్కించి వచ్చింది. దారి పొడుగునా ఆమె బుర్రలో ఒకటే మాట తిరిగింది. ఇది మూడోసారి.

*

చోడవరంలో కొత్తూరు జంక్షన్ దగ్గర ఎరువుల కొట్టు మేడ మీద డెబోరా ఆఫీసు. ఒక గది, రెండు బల్లలు, కింద నుంచి ఎప్పుడూ వచ్చే యూరియా వాసన. స్కూళ్ళకీ, బట్టల కొట్లకీ, తమ చర్చి మహాసభలకీ వెబ్‌సైట్లు చేసిపెట్టడం ఆమె పని. మొదట్లో ఉదయ్‌కుమార్ అనే కుర్రాడితో కలిసి పెట్టింది. అక్కా అక్కా అని చనువుగా ఉండేవాడు. కిందటేడు మాటామాటా వచ్చి విడిపోయేడు. అనకాపల్లిలో సొంతంగా ఆఫీసు తెరిచేడు. పోతూ పోతూ ఇద్దరు కస్టమర్లని వెంట పట్టుకుపోయేడు. ఆ దెబ్బకి డెబోరాకి మనుషుల మీద ఉన్న నమ్మకంలో ఒక ముక్క విరిగిపోయింది. చుట్టూ ఎవరు నవ్వినా దాని వెనకాల ఏముందో అని చూసుకోడం అప్పట్నుంచే అలవాటయింది.

ఉదయ్ పోయేక కీర్తి చేరింది. వడ్డాది ఊరి పిల్ల. డిగ్రీ చదివింది. అన్నీ చెప్పనక్కర్లేకుండానే అందుకుంటుంది. రోజూ ఆటోలో వచ్చి సాయంత్రం ఆటోలో పోతుంది. ఎక్కువ మాట్లాడదు. క్లినిక్ సైటు ఇద్దరూ చూసుకుంటారు. పొద్దున్నే డాక్టరమ్మ ఫోను చేసి ఆ రోజు విశాఖపట్నం నుంచి ఏ డాక్టర్లు వస్తున్నారో చెబుతుంది. ఆ జాబితా మార్చడం డెబోరా పని. మెడికల్ క్యాంపుల ఫొటోలు ఎక్కించడం కీర్తి పని.

పని పద్ధతి కష్టమైనదేం కాదు. ఎవరి లాప్‌టాప్‌లో వాళ్ళు మార్పులు చేసుకుని గిట్ అనే ఉమ్మడి ఖాతాలోకి పంపుతారు. ఎవరు ఏ అక్షరం ఎప్పుడు మార్చేరో గిట్ పేరుతో సహా గుర్తుపెట్టుకుంటుంది. అక్కడికి కొత్తది చేరగానే, ఎక్కడో దూరాన వీళ్ళు అద్దెకి తీసుకున్న క్లౌడ్ కంప్యూటరు దాన్ని అందుకుని, పేజీలు తయారు చేసి, జనం చూసే సైటులో పెడుతుంది. దాన్నే డిప్లాయ్ అంటారు. అయిపోతే పచ్చ గుర్తు వస్తుంది. ఇంతకాలం ఏ గొడవా లేకుండా నడిచింది.

ఈమధ్యే మొదలయింది. అన్ని రోజులూ కాదు. నాలుగు రోజులు బాగుంటుంది. అయిదో రోజు సైటు పాత పేజీకి వెళ్ళిపోతుంది. ఒక్కోసారి సగం పేజీ వచ్చి మిగతాది ఖాళీగా ఉంటుంది. ఒకసారైతే పేజీయే దొరకలేదని వచ్చింది. మళ్ళీ పంపితే బాగయిపోతుంది. గిట్‌లో చూస్తే కొత్తదే ఉంటుంది. క్లౌడ్‌లో చూస్తే అన్నీ పచ్చ గుర్తులే. రోజూ పాడైతే ఎక్కడో ఒక చోట పట్టుకోవచ్చు. ఎప్పుడో ఒకప్పుడు పాడయ్యేదాన్ని ఎలా పట్టుకోవడం?

ఆ క్లౌడ్ కంప్యూటర్ని నడిపే ప్యానెల్‌లో ఒక బటన్ ఉంది. దాన్ని నొక్కితే సైటు పాత రూపానికి వెళ్ళిపోతుంది. కొత్తదానిలో ఏదైనా పొరపాటు జరిగినప్పుడు వాడుకోడానికి పెట్టినది. డెబోరా కళ్ళు ఆ బటన్ మీద ఆగిపోయేయి. ఎవరో దీన్ని నొక్కుతున్నారు.

ఎవరో ఏమిటి? ప్యానెల్ పాస్‌వర్డ్ ఉదయ్‌కి తెలుసు. వాడు పోయేక మార్చనేలేదు.

*

"ఉదయ్ ఎందుకు సేస్తాడు?" అన్నాడు నోవహు. స్కూలు వ్యాను కడిగొచ్చి, గుమ్మంలో కూర్చుని కాళ్ళు తుడుచుకుంటున్నాడు. పెళ్ళయి పదేళ్ళయినా భార్య పని అతనికి సగమే అర్థమవుతుంది. మనుషులు మాత్రం బాగా అర్థమవుతారు.

"ఎందుకేటండీ, క్లినిక్ పని కూడా లాక్కోడానికి. మొన్న డాక్టరమ్మే అంది, ఉదయ్ వచ్చి కలిసేడని."

"కలిస్తే కలిసేడు. అడుక్కోడం వేరు, దొంగతనం వేరు."

"మీకు అందరూ మంచోళ్ళే."

ఆ రోజే పాస్‌వర్డులన్నీ మార్చేసింది. ఆ వారమంతా సైటు రాయిలా నిలబడింది. ఒక్క తప్పు లేదు. డెబోరా ప్రార్థనలో కృతజ్ఞత కూడా చెప్పుకుంది. తన అనుమానం సరైనదేనని తేలినప్పుడు మనిషికి ఒక చల్లదనం వస్తుంది. అది వచ్చింది.

ఆ వారం కీర్తి సెలవులో ఉంది. చీడికాడలో పిన్ని కూతురి పెళ్ళి. ఫొటోలు కూడా డెబోరానే ఒక మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని ఎక్కించింది.

సోమవారం కీర్తి వచ్చింది, చేతులకి గోరింటాకుతో. పొట్లంలో అరిసెలు తెచ్చింది. వస్తూనే కొత్త ఫొటోలు ఎక్కించే పనిలో పడింది. పదకొండు కాకుండానే డాక్టరమ్మ ఫోను. చర్మం డాక్టరుగారి బదులు మళ్ళీ శనివారం వచ్చిన పిల్లల డాక్టరు పేరుంది.

డెబోరా అరిసె ముక్క నమలడం ఆపేసింది.

కొత్త పాస్‌వర్డు ఇద్దరికే తెలుసు. తనకీ, కీర్తికీ. పొద్దున్న రాగానే కీర్తికి చెప్పింది కూడా తనే.

"ఏటక్కా, మళ్ళీ పోయిందా?" అంది కీర్తి. ఆ గొంతులో కంగారుంది. నిజంగా కంగారుగా ఉన్నవాళ్ళ కంగారులాగే ఉంది. అదే డెబోరాకి ఎక్కువ అనుమానం తెప్పించింది.

*

ఇక అక్కణ్ణుంచి చూసిన ప్రతిదీ సాక్ష్యమే అయింది.

కీర్తి ఫోను బోర్లా పెడుతుంది. ఇంతకుముందు కూడా అలాగే పెట్టేదా? గుర్తులేదు. మధ్యాహ్నం భోజనాలయ్యేక మెట్ల మీదకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఒక సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్సు ముందు నుంచి వస్తూంటే, చెరుకు రసం బండి పక్కన కీర్తి నిలబడి ఉంది. ఎదురుగా బైకు మీద ఉదయ్‌కుమార్. వాడేదో చెబుతున్నాడు. ఈ పిల్ల తలొంచుకుని వింటోంది.

డెబోరా స్కూటీ ఆపలేదు.

మర్నాడు కీర్తి చెబుతుందేమో అని ఎదురు చూసింది. "నిన్న ఆటో తొందరగా దొరికిందా?" అని అడిగింది కూడా.

"లేటయిందక్కా," అంది కీర్తి. అంతే. ఉదయ్ మాట ఎత్తలేదు.

అప్పట్నుంచి డెబోరా కాపలా మొదలుపెట్టింది. కీర్తి ఫొటోలు పంపిందని తెలియగానే, తను కూడా వెంటనే జాబితాలో ఏదో ఒకటి మార్చి పంపేది. పంపి, ఫోను చేత్తో పట్టుకుని సైటు వైపు చూస్తూ కూర్చునేది. ఈ పిల్ల ఇప్పుడేం చేస్తుందో చూద్దామని. ఆ రోజుల్లో తప్పులు మరీ ఎక్కువయ్యేయి. వారానికి ఒకటి ఉండేది, రెండ్రోజులకోసారి అయింది. తను చూస్తూండగానే కొత్త పేజీ వచ్చేది. మరో నిమిషంలో పాతది దాని మీదకి వచ్చి కూర్చునేది. బల్లకి అటుపక్క కీర్తి కీబోర్డు మీద ఏదో కొడుతూనే ఉండేది. ఇంకేం కావాలి?

ఒక రోజు డెబోరా చర్చి పని మీద విశాఖపట్నం వెళ్ళాల్సొచ్చింది. రెండు పనులూ కీర్తికే అప్పజెప్పింది. ఆ రోజు సైటు బాగుంది.

"చూసేవా మరి," అన్నాడు నోవహు. "ఆ గుంటే సేస్తే, నువ్వు లేనప్పుడు ఇంకా సులువు కదా?"

"నేను లేనప్పుడు చేస్తే తనే దొరికిపోదా? ఆమాత్రం తెలివి లేనిదేటి?"

పాడైతే కీర్తి చేసినట్టు, పాడవకపోతే కీర్తి జాగ్రత్తపడినట్టు. ఇక ఆ పిల్ల బయటపడే దారెక్కడుంది అనుకున్నాడు నోవహు. కాని, పైకి అంటే ఆ పూట అన్నం సహించదని ఊరుకున్నాడు.

రెండ్రోజుల తర్వాత డాక్టరమ్మ క్లినిక్‌కి పిలిపించింది.

"డెబోరా, నువ్వంటే నాకు గౌరవం. కానీ ఇది మందుల కొట్టు సైటు కాదు. జనం పనులు మానుకుని వస్తారు. నీకు కుదరకపోతే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటాను."

అప్పటిదాకా నోవహుకి తప్ప ఎవరికీ చెప్పని మాట అప్పుడు బయటపడింది.

"పద్ధతిలో తప్పేం లేదు మేడం. మా దగ్గర పనిచేసే అమ్మాయే పాడు చేస్తోంది. ఉదయ్‌తో కలిసి. నా కళ్ళతో చూసేను."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "ఆ ఫొటోలకి వచ్చే పిల్లా? అలా కనిపించదే."

"నేనూ అలాగే అనుకున్నాను మేడం. రేపట్నుంచి మీకు ఈ గొడవ ఉండదు."

గది గుమ్మంలో కాంపౌండరు మందుల పెట్టెలు సర్దుకుంటున్నాడు. ఆ సంగతి డెబోరా గమనించలేదు.

*

మర్నాడు పొద్దున్న కీర్తి రాకముందే గిట్‌లో ఆమె కీ తీసేసింది. కీ అంటే, ఈ లాప్‌టాప్ నుంచి వచ్చే మార్పులు తీసుకోవచ్చు అన్న అనుమతి. అది లేకపోతే ఎంత పని చేసినా పంపడానికి లేదు. నోటితో చెప్పడానికి ధైర్యం చాల్లేదు. యంత్రం చేత చెప్పించింది.

కీర్తి వచ్చింది. బ్యాగు తగిలించింది. చీడికాడ క్యాంపు ఫొటోలు ఏరింది, చిన్నవి చేసింది, పేర్లు రాసింది. గంటసేపు పట్టింది ఆ పనికి. డెబోరా తల ఎత్తకుండా తన తెర వైపే చూస్తూ, ఆ పిల్ల పంపే క్షణం కోసం చెవులు రిక్కించి కూర్చుంది.

కీర్తి పంపింది. ఆగింది. మళ్ళీ పంపింది.

"అక్కా, అనుమతి లేదంటోంది."

డెబోరా ఉత్తుత్తినే ఏదో టైపు చేస్తోంది.

"నా కీ తీసేసేరా?"

"కొన్నాళ్ళు. సైటు కుదురుకునేదాకా."

కీర్తి తెర మీది మాట మరోసారి చదివింది. కింద ఎరువుల బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నేనే పాడు సేస్తన్నానని అనుకుంటన్నారా అక్కా?"

"నేనేం అనలేదు."

"అనకుండా తీసేసేరు." కీర్తి లేచింది. లాప్‌టాప్ మూసి, ఛార్జరు వైరు చుట్టి, దాని మీద పెట్టింది. ఆఫీసు తాళం చెవి తీసి పక్కన పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి తిరిగి చూసింది. ఏడవటం లేదు. "ఉదయ్ గారు నన్ను ఉద్యోగానికి రమ్మన్నారక్కా. రెండు నెలలబట్టీ అడుగుతన్నారు. మీకెలా చెప్పాలో తెలీక, ఏ మాటా తేల్చకుండా నానుస్తన్నాను. అదొక్కటే నేను దాచింది."

మెట్లు దిగిపోయింది. డెబోరా కిటికీలోంచి చూడలేదు. అబద్ధమే అయ్యుంటుంది అనుకుంది. దొరికిపోయేక చెప్పే మాటలు అలాగే ఉంటాయి అనుకుంది.

ఆ తర్వాత రోజుల్లో సైటు మళ్ళీ రాయిలా నిలబడింది. డాక్టరమ్మ ఫోను చేసి, "నువ్వన్నది నిజమేనమ్మా," అంది. డెబోరా ఆ మాట నోవహుకి చెప్పింది. అతను అన్నంలో మజ్జిగ పోసుకుంటూ "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ ఆమెకి నచ్చలేదు.

*

శుక్రవారం మళ్ళీ జరిగింది. ఆ పొద్దున్న పనంతా ఒక్కసారి మీద పడింది. ముందురాత్రే క్యాంపు ఫొటోలు పెద్దవి చాలా వచ్చేయి. సాయంత్రంలోగా కావాలన్నారు. వాటిని సర్ది పంపింది. పంపిన వెంటనే డాక్టరమ్మ ఫోను, ఎముకల డాక్టరు మధ్యాహ్నం కాదు, ఇప్పుడే వస్తున్నారని. ఆ మాట మార్చి అదీ పంపింది. రెండూ పచ్చ గుర్తులయ్యేయి. టీ తెప్పించుకుంది.

టీ తాగుతూ అలవాటు కొద్దీ సైటు తెరిచింది. ఎముకల డాక్టరు మధ్యాహ్నం వస్తారని ఉంది.

డెబోరా గదంతా చూసింది. ఎదుటి బల్ల ఖాళీ. దాని మీద కీర్తి చుట్టిపెట్టిన వైరు అలాగే ఉంది. కీర్తి పోయేక మార్చిన పాస్‌వర్డు తనకొక్కదానికే తెలుసు. కీ తనదొక్కటే.

మొదట ఆమెకి తట్టిన పేరు మళ్ళీ ఉదయే. ఎక్కణ్ణుంచో దూరేడు. ఏదో దారి ఉంచుకున్నాడు. అలా అనుకుంటూనే ఆ మాట తన నోట్లోనే చప్పబడిపోవడం గమనించింది. ఎన్నిసార్లని అదే పేరు?

పేజీని మళ్ళీ సరిచేసి, కుర్చీ దగ్గరకి లాక్కుంది. ఈసారి ఎవరు చేసేరని కాకుండా, ఇందాక తను ఏం చేసిందో వరసగా గుర్తు తెచ్చుకుంది. ఫొటోలు పంపింది. వెంటనే జాబితా పంపింది. వెంటనే.

క్లినిక్ సైటుని ముట్టుకోకుండా, పరీక్షలకి వాడుకునే ఖాళీ సైటు ఒకటి తీసింది. దాంట్లో అవే ఫొటోలు పెట్టి పంపింది. ఊపిరి తీసుకునేలోగా, పేజీలో ఒక్క మాట మార్చి మళ్ళీ పంపింది. ఇప్పుడు గుర్తులు చూడకుండా సైటునే చూస్తూ కూర్చుంది.

రెండోది ముందు వచ్చింది. చిన్న మార్పు కదా, చటుక్కున అయిపోయింది. కొత్త మాట కనబడింది. మొదటిది ఇంకా ఫొటోలు మోస్తూనే ఉంది. అన్నీ మోసి, ఆఖర్న తన పేజీ తెచ్చి పెట్టింది. ఆ పేజీ బయల్దేరే వేళకి రెండో మార్పు ఇంకా పుట్టనే లేదు. అందుకని అందులో పాత మాటే ఉంది. ముందు బయల్దేరి వెనక చేరిన పాతది, వెనక బయల్దేరి ముందు చేరిన కొత్తదాని మీద కూర్చుంది. రెండింటికీ పచ్చ గుర్తే. రెండూ తమ పని తాము చేసేయి మరి.

ఇంకోసారి చేసి చూసింది. ఈసారి రెండూ ఒకదానికొకటి అడ్డుపడి సగం పేజీ వచ్చింది. మరోసారి చేస్తే ఏమీ కాలేదు. అంతే, ఒక్కోసారి అవుతుంది, ఒక్కోసారి కాదు.

డెబోరా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫొటోలు ఇంత పెద్దవి రావడం ఈమధ్యే కాబట్టి ఇంతకాలం బయటపడలేదు. కీర్తి ఉన్న రోజుల్లో ఇద్దరూ పంపేవారు కాబట్టి అయ్యేది. కీర్తి సెలవు పెడితే పంపేది ఒక్కరే, అవలేదు. తను విశాఖపట్నం వెళ్ళినా పంపేది ఒక్కరే, అవలేదు. ఇక ఆ కాపలా రోజులు. కీర్తి ఫొటోలు పంపడం ఆలస్యం, తను వెనకాలే పంపేది. ఆ తప్పులన్నీ తను కూర్చుని చేసినవే. ఆ పిల్లని పట్టుకోడానికి చేసినవి.

క్లౌడ్ కంప్యూటరు అద్దెకిచ్చిన కంపెనీకి ఫోను చేస్తే అవతల్నుంచి ఒకతను ఓపిగ్గా విన్నాడు. "ఒకటి పూర్తయ్యేదాకా రెండోదాన్ని ఆపే సెట్టింగు ఉందండి. అది మీరే ఆన్ చేసుకోవాలి," అన్నాడు. చేసుకుంది. ఖాళీ సైటు మీద పదేపదే పరీక్షించింది. రెండోది బుద్ధిగా వరసలో నిలబడింది. నెల రోజుల గొడవ తీరడానికి అరపూట కూడా పట్టలేదు.

ఆఫీసుకి తాళం వేసి వడ్డాది బయల్దేరింది.

*

కీర్తి వాళ్ళమ్మ చిన్నతల్లి వడ్డాది మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది. డెబోరా వెళ్ళేసరికి గోనెపట్టా మీద వంకాయలు పోసుకుని నీళ్ళు చిలకరిస్తోంది. వచ్చింది ఎవరో చెప్పకుండానే పోల్చుకుంది.

"మీరేనా సోడారం మేడంగారు?" అంది, చెయ్యి ఆపకుండా.

"కీర్తి ఇంట్లో ఉందామ్మా?"

"ఉంది. ఎక్కడికెల్తది? ఒకటో తారీకు నుంచి అనకాపిల్లి రమ్మన్నోడు నిన్న పోను సేసి, ఆలోసిస్తానన్నాడట. ఆసుపత్రిలో కాంపౌండరు బాబు సెప్పినాడట, ఈ గుంట కంప్యూటర్లు పాడు సేస్తదని. సోడారం నుంచి వడ్డాది ఎంత దూరమమ్మా? ఆ మాట నా కొట్టు కాడికి కూడా వచ్చింది."

డెబోరా చెప్పింది ఒక్క డాక్టరమ్మకి. గదిలో, తెరిచి ఉన్న తలుపు పక్కన.

"అది పాడు చెయ్యలేదమ్మా. నేను తప్పు అనుకున్నాను. అది చెప్పడానికే వచ్చేను."

చిన్నతల్లి అప్పుడు చెయ్యి ఆపింది. "మీరు నాకు సెప్పక్కర్లేదు. నా పిల్ల నాకు తెల్సు. ఎవులికి తెలీదో ఆలకి సెప్పండి."

ఇల్లు మార్కెట్ వెనక వీధిలోనే. కీర్తి గుమ్మంలోనే నిలబడి విన్నది. కూర్చోమనలేదు. డెబోరా నిలబడే అంతా చెప్పింది, ఫొటోలు, జాబితా, ముందు వెళ్ళి వెనక చేరడం. పని మాట వచ్చేసరికి కీర్తి ముఖం కొంచెం మారింది.

"అంటే రెండూ ఒకేసారి నడిచేవా?"

"ఆ. ఒకదాని కోసం ఇంకోటి ఆగేది కాదు."

"నేను ఒకసారి అనుకున్నానక్కా, ఇద్దరం ఒకేసారి పంపినప్పుడే అవతందేమోనని. సెబుదామనుకున్నాను. అప్పటికే మీరు నాతో మాటాడ్డం తగ్గించేసేరు."

"మళ్ళీ రా కీర్తీ," అంది డెబోరా.

కీర్తి తల అడ్డంగా ఊపింది. కోపంగా కాదు. "రానక్కా. వచ్చినా, రేపు ఇంకేదైనా పాడైతే మీరు నా వైపే చూస్తారు. చూడకపోయినా, చూస్తన్నారేమోనని నాకుంటది."

*

డాక్టరమ్మ మధ్యాహ్నం రోగులంతా వెళ్ళేక ఒంటరిగా దొరికింది. డెబోరా తలుపు వెయ్యలేదు. కాంపౌండర్ని కూడా లోపలికి పిలవమంది. ఇద్దరి ముందూ చెప్పింది.

"ఆ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు మేడం. మా సెట్టింగు సరిగ్గా లేదు. అది చూసుకోవాల్సింది నేను. చూసుకోకుండా మనిషి మీద పెట్టేను."

డాక్టరమ్మ రాస్తున్న చీటీ పక్కన పెట్టింది. "మరి అప్పుడు నీ కళ్ళతో చూసేనన్నావు."

"చూసింది నిజమే మేడం. అది వేరే సంగతి."

"నా దగ్గరికొచ్చి కడుపునొప్పి అన్నవాళ్ళందరికీ ఆపరేషను చేసేస్తే ఎలా ఉంటుంది డెబోరా?" అంది డాక్టరమ్మ. ఇంకేం తిట్టలేదు. సైటు ఈ ఏడాది చివరిదాకా నీ దగ్గరే ఉంచుతాను, తర్వాత చూద్దాం అంది. కాంపౌండరు నేల చూపులు చూస్తూ, బజారులో తను ఎవరెవరికి చెప్పేడో వాళ్ళకి మళ్ళీ చెబుతానన్నాడు.

మిగిలింది ఒక్కటే. అది అన్నిటికన్నా కష్టం. క్లినిక్ బయట స్కూటీ పక్కన నిలబడి, ఏడాదిగా నొక్కని నంబరు నొక్కింది.

"అక్కా," అన్నాడు ఉదయ్‌కుమార్. ఆశ్చర్యం దాచుకోలేకపోయేడు.

"కీర్తి గురించి విన్నది నమ్మకు ఉదయ్. అది నేను పుట్టించిన మాట. తప్పు."

"అసలేటయింది?"

చెప్పింది. ఏదీ తగ్గించలేదు. డిప్లాయిలు ఒకదాని మీద ఒకటి పడటం తను పట్టుకోలేకపోయిందని, ముందు అతన్నే అనుమానించిందని, అది కూడా చెప్పింది. వాడు రేపు క్లినిక్‌కి వెళ్ళి ఈ మాటలే డాక్టరమ్మ దగ్గర వాడుకోవచ్చని తెలిసే చెప్పింది.

"నన్ను కూడానా?" అని చిన్నగా నవ్వేడు ఉదయ్. నవ్వులో ఎత్తిపొడుపు ఉందేమోనని డెబోరా వెతికింది. ఉందో లేదో తేల్చుకోలేకపోయింది. "నేను కస్టమర్లని పట్టుకెళ్ళేను గాని, సైట్లు పాడు సెయ్యలేదక్కా."

"తెలిసింది."

"సరే. ఆ అమ్మాయికి ఇప్పుడే ఫోను సేస్తాను."

సాయంత్రం నోవహు వ్యాను పెట్టి వచ్చేసరికి డెబోరా వరండాలో కూర్చుని కాకరకాయలు తరుగుతోంది. చిన్నతల్లి దగ్గర కొన్నవి. జరిగిందంతా విని అతను, "మరి ఆ గుంట రానందా?" అన్నాడు.

"రానంది. ఒకటో తారీకున అనకాపల్లిలో చేరుతోంది."

"నీ పనికి ఎవరో ఒకరు కావాలి కదా."

"కావాలి," అంది డెబోరా. వాన వచ్చేలా ఉందని నోవహు తీగ మీది బట్టలు తీయడానికి లేచేడు. ఆమె కత్తిపీట పక్కకి జరిపి, కాయల్లోంచి ముదిరిన గింజలు వేరు చేస్తూ కూర్చుంది.